వెనక చక్రాల వంకర

రెండో పెళ్లి చేసుకునేలోపే మామయ్య పోవాలని మేనల్లుడు నిర్ణయించాడు. పోవడం మామయ్య వంతు, నిర్ణయించడం తన వంతు.

మామయ్యకు బజారులో కళ్లజోళ్ల దుకాణం ఉంది. భార్య పోయింది, పిల్లల్లేరు. మిగిలింది ఈ అక్క కొడుకొక్కడే. చదువు అబ్బక కౌంటర్ వెనక కూర్చున్న నాటి నుంచీ ఆ దుకాణం ఎప్పటికైనా తనదేనని నమ్ముకుని ఉన్నాడు. చత్వారం అద్దాల కోసం వచ్చిన ఒక రిటైర్డ్ టీచరమ్మ ఆ నమ్మకం మీద నీళ్లు చల్లింది.

ఆవిడ రెండోసారి వచ్చేసరికి మామయ్య జుట్టుకు రంగు పడింది. మూడోసారికి ఆయన కారు కిందికి దిగింది. స్ప్రింగులు కత్తిరించి, కుర్రాళ్ల కార్లలా నేలబారుగా దింపించాడు. స్పీడ్ బ్రేకర్ కనబడితే చాలు, కొత్త పెళ్లికూతురిని నడిపించినట్టు ఏటవాలుగా, నెమ్మదిగా ఎక్కించేవాడు. ఆదివారం వస్తే ఆ కారులోనే కొండ మీద ఉన్న టీచరమ్మ ఇంటికి వెళ్లి, ఆవిడను షికారు తిప్పి తెచ్చేవాడు. కొండ దారి నిండా వంపులే.

మేనల్లుడు తన స్కూటర్‌కు గాలి కొట్టించుకుంటూ టైర్ల షాపు మేస్త్రీని కదిపాడు.

"కారు కిందికి దింపిస్తే ప్రమాదమేమన్నా ఉందా?"

"వెనక చక్రాలు దారి తప్పుతాయి సార్. ముందువాటి వంకర స్టీరింగులో తెలుస్తుంది, వెనకవాటిని ఎవడు చూస్తాడు? వంపులో బండి తోక విసిరేస్తుంది. దింపాక అలైన్‌మెంట్ చేయించి తీరాలి."

"అదెలా చేస్తారు?"

"వెనక చక్రం దగ్గర బోల్టుంటుంది. అది తిప్పితే చక్రం మొహం తిరుగుతుంది."

మేనల్లుడి మొహం వెలిగింది. మామయ్య అలైన్‌మెంట్ చేయించే ఉంటాడు. తను దాన్ని చెడగొడితే చాలు. నేరం తనది, నింద స్ప్రింగులది!

శనివారం మధ్యాహ్నం మామయ్య కునుకు తీస్తుండగా జాకీ ఎత్తి, స్పానర్ పుచ్చుకుని కారు కిందికి దూరాడు. రెండు వెనక చక్రాల బోల్టులూ వదులు చేసి, పళ్లు బిగపట్టి తిప్పి, మళ్లీ బిగించాడు. బయటికి జరిగేసరికి ఎదురుగా మామయ్య చెప్పులు.

"ఏం చేస్తున్నావురా?"

"ఏదో... వెనక చక్రాల దగ్గర బోల్టు వదులైనట్టుంటే సరిచేశాను మామయ్యా. మీరసలే కొండెక్కే మనిషి."

మామయ్య కళ్లు చెమర్చాయి. భుజం తట్టి లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు కారు వీధి మలుపు తిరిగాక మేనల్లుడు అద్దం ముందు నిలబడి ఏడుపు సాధన చేశాడు. మొదట గొంతు మరీ ఎక్కువైంది, తగ్గించాడు. ఫోన్ మోగినప్పుడల్లా గుండె పట్టుకున్నాడు. అన్నీ కళ్లజోళ్ల బేరాలే. సాయంత్రానికి ఏడుపు బాగా కుదిరింది గానీ, కబురే రాలేదు.

కారే వచ్చింది. డ్రైవింగ్ సీట్లోంచి మామయ్య, పక్క సీట్లోంచి టీచరమ్మ చిలకా గోరింకల్లా నవ్వుతూ దిగారు. మేనల్లుడికి ఏడుపు తన్నుకొచ్చింది, సాధన చేసినదానికన్నా సహజంగా.

"చూశారా, ఎంత ప్రేమో! ఆనందం పట్టలేకపోతున్నాడు," అన్నాడు మామయ్య ఆవిడతో. తర్వాత అతన్ని దగ్గరికి తీసుకున్నాడు.

"నీ దగ్గరో సంగతి దాచానురా. దింపించిన రోజు నుంచీ ఈ బండి వంపు వంపుకీ తోక విసిరేది. అలైన్‌మెంట్ చేయించుకోమని స్ప్రింగులు కత్తిరించిన షాపు కుర్రాడన్నాడు. నాకే చెబుతావా అని వచ్చేశాను. మళ్లీ వెళితే పరువు పోతుందని నోరు మూసుకున్నాను."

"పోయిన వారమే చెప్పేశాను బాబూ," అంది టీచరమ్మ. "ఈ కారులో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరగలేను, ఇంకో వారం చూస్తాను, ఆ తర్వాత పెళ్లీ వద్దు ఏమీ వద్దు అన్నాను. ఇవాళ చూస్తే గీత గీసినట్టు వెళ్లింది! అక్కడికక్కడే ముహూర్తం పెట్టేసుకుందామన్నాను."

మామయ్య జేబురుమాలుతో కళ్లు ఒత్తుకుని మేనల్లుడి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఈ పెళ్లి తప్పిపోతే రేపే దుకాణం నీ పేర రాసేసి ఎటైనా వెళ్లిపోదామనుకున్నానురా అల్లుడూ, దేవుడిలా అడ్డుపడ్డావు!"