నలభై ఆరో పేరు

"ఒబ్దూలియా పేరు ఎందుకు తీసేశారు?"

నటి కసిల్దా బెర్నాల్ ఎడిటింగ్ గది తలుపు తోసుకుని లోపలికొచ్చి, కోటు కూడా విప్పకుండా అడిగిన మొదటి మాట అది. ఆ సాయంత్రమే మాడ్రిడ్‌లో సినిమా అవార్డుల సభ. ఆమెకు జీవితకాల పురస్కారం ఇచ్చేది ఆ సభలోనే.

సభ నడిపించే గోర్కా ఆమ్లెట్ పెట్టిన రొట్టెను నోటి దాకా తీసుకెళ్లి ఆపేశాడు. పాపం, పొద్దున్నుంచి అతనికి అదే మొదటి ముద్ద.

"కూర్చోండి మేడమ్."

"కూర్చోడానికి రాలేదు. జవాబు చెప్పు."

"ఈ ఏడాది పోయినవాళ్లను తలుచుకునే వీడియో మూడు నిమిషాలే. మనిషికి నాలుగు సెకన్లు. నలభై అయిదుగురి కంటే పట్టరు. మీరు రాయించిన ఆవిడ నలభై ఆరో మనిషి. ఎంత వెతికినా ఒక్క సినిమాలో కనబడలేదు. ఏ టైటిల్స్‌లోనూ ఆవిడ పేరు లేదు."

"నాతో పదకొండు సినిమాలకు పనిచేసింది."

"ఏం పని?"

కసిల్దా కోటు గుండీ తిప్పుతూ నిలబడింది.

"మేకప్పా?"

"కాదు."

"బట్టలు చూసుకునేవారా?"

"కాదయ్యా."

"మరి?"

"చెప్పకూడదు. నిర్మాత ముందు ఇద్దరం సంతకాలు పెట్టాం. ఆయనా పోయాడు, ఆవిడా పోయింది. అయినా మాట మాటే."

మాట సంగతి నిజమే. కానీ ఆ రహస్యం బయటపడితే తన పేరు ఏమవుతుందో కూడా కసిల్దాకు బాగా తెలుసు. గుట్టు గుట్టుగానే ఉండాలి, ఒబ్దూలియా పేరు తెర మీద పడాలి. అవ్వా కావాలి, బువ్వా కావాలంటే ఎక్కడ కుదురుతుంది?

"ఇప్పుడు ఎవరినో ఒకరిని తీసి ఆవిడను పెడితే, రేపు వాళ్లింట్లోవాళ్లు నా పీక మీద కూర్చుంటారు మేడమ్."

"మంగళవారం పాతిపెట్టాం బాబూ. చర్చి ఫాదర్‌తో కలిపి నలుగురం. ఒక్క పత్రికవాడు రాలేదు. అదే నేను పోతే వీధి పట్టదు. ఇదేం న్యాయం? ఆ పేరు లేకపోతే నేను స్టేజీ ఎక్కను."

గోర్కాకు కోపం రాలేదు, జాలేసింది. ముసలావిడ స్నేహితురాలి కోసం ఇంత దూరం వచ్చి బతిమాలుతోంది. అతను రొట్టె పక్కన పెట్టి లేచాడు.

"ఒక్క షాట్ చూపించండి చాలు. గుంపులో నిలబడి ఉన్నా సరే, వీపు కనబడినా సరే. ఆవిణ్ణి పెట్టేస్తాను. ఇది నా మాట."

కసిల్దా తెర వైపు తిరిగింది.

"స్టేషన్ సీను వెయ్యి."

ఎడిటింగ్ బల్ల దగ్గరున్న నెరేయా వెతకాల్సిన పని లేకపోయింది. ఆ సీను ఎలాగూ సిద్ధంగా ఉంది. పురస్కారం అందించే ముందు చూపించబోయేది అదే. కొడుకు కూలిపని కోసం జర్మనీ రైలెక్కుతాడు, తల్లి ప్లాట్‌ఫారం మీద రైలుతో పాటు పరిగెడుతుంది.

"రొట్టె మర్చిపోయావురా, ఫెర్మీన్! రొట్టె!"

నలభై అయిదేళ్లుగా ఆ కేక విని ఏడవని ఇల్లు లేదు. రోజుకు పదిసార్లు చూస్తున్న నెరేయా కూడా మళ్ళీ కళ్లు తుడుచుకుంది. గోర్కా తెర మీదికి వంగాడు.

"గంప పట్టుకున్నావిడా?"

"కాదు."

"టికెట్ కిటికీ దగ్గర నల్ల శాలువా?"

"కాదు."

"ఇంకెవరున్నారు మేడమ్? వాళ్లిద్దరూ, మీరూ తప్ప ఆడమనిషే లేదు!"

"మళ్ళీ వెయ్యి. ఈసారి కళ్లు మూసుకో."

అతను మూసుకున్నాడు. కేక గదంతా నిండి ఆగిపోయింది. గోర్కా కళ్లు తెరిచి అయోమయంగా చూశాడు.

"మీ కేకే కదా. దేశం మీకు దణ్ణం పెడుతున్నది ఈ కేకకే. పురస్కారం ఇస్తున్నదీ దీనికే. ముప్పై ఏళ్లుగా మీ సీరియల్స్‌లో మా అమ్మ రోజూ వింటున్న గొంతూ ఇదే. ఇప్పుడు నాతో మాట్లాడుతున్న గొంతూ ఇదే! ఇందులో ఒబ్దూలియా గారు ఎక్కడున్నారు?"

కసిల్దా కుర్చీలో కూర్చుంది. సాయంత్రం వేసుకోవాల్సిన గౌను, చప్పట్లు, మొదటి వరసలో కూర్చునే మంత్రులు, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. భయం వేసింది. నాలుగు గుటకలు నీళ్లు తాగింది. నోరు తెరిచింది.

గదిలోకి ఇంకెవరో వచ్చారనుకుని నెరేయా ఉలిక్కిపడి తలుపు వైపు చూసింది. దక్షిణాన ఆలివ్ తోటల్లో కూలికి పోయేవాళ్ల యాస, మొద్దుగా, ముక్కుతో పలికే గొంతు.

"ఇదిరా నాయనా నా గొంతు. సినిమాల్లో పలికిండేది ఆయమ్మ, టీవీలో నేను పలుకుతాండేది ఆయమ్మ మాదిరి. నా మొగమే చూపిచ్చి, కింద ఆయమ్మ పేరు ఎయ్యి."