ముద్ర పడిన ఫోటో

ఫోటోలన్నీ యంత్రాలే అల్లేస్తున్న ఆ రోజుల్లో, ‘ఇది నా కళ్లముందే జరిగింది’ అని ముద్ర వేసేవాళ్లే ఫోటోగ్రాఫర్లు. జెస్సీ ముద్ర పడందే కాకినాడలో పెళ్లయిందంటే ఎవరూ నమ్మరు.

ఓ పొద్దున కూతురు కెజియా తన కిందటేటి పుట్టినరోజు ఫోటో తెచ్చింది. అందులో జెస్సీ కేకు తినిపిస్తోంది.

“దీనికి ముద్దరెయ్యమ్మా.”

ముద్ర కోసం చాచిన చేతిని జెస్సీ వెనక్కి తీసుకుంది. ఆవేళ తను ఎవరి పెళ్లిలోనో ఉంది. యంత్రమే తనను కూతురి పక్కన చేర్చింది.

“వెయ్యలేనే. నేను లేనుగా.”

“మరి ఈ ఏడైనా ఉంటావా?”

ఈసారి పుట్టినరోజుకి జెస్సీ పెద్ద పెళ్లొకటి వదులుకుని ఇంట్లోనే ఉంది. ఫోటో తీసింది తోటి ఫోటోగ్రాఫరు, స్నేహితురాలు రమీజా. కెజియా ఒక్కసారిగా మెడకు వేలాడేసరికి తల్లి మొహం సగమే పడింది.

“మళ్లీ తియ్యనా?” అంది రమీజా.

“వద్దాంటీ. ముద్దరెయ్యండి చాలు,” అంది కెజియా, అమ్మ మెడ వదలకుండానే.