అధ్యక్షులవారి ఈత

హారిక గబగబా వెళ్లి ఇంటి ఓనరు హెర్ క్రౌస్ బట్టల మీద కూర్చుంది.

బట్టల మీద అంటే, పరాయి మగాడి బట్టలు ముట్టుకోవడానికి మనసొప్పలేదు. వాటి చుట్టూ చుట్టి ఉన్న కొత్త నీలం తువ్వాలు మీద కూర్చుంది. పక్కన చెట్టుకి ఆయన పాత సైకిలు ఆనించి ఉంది. ఆదివారం పొద్దున్నే, జర్మనీలో ఎర్లాంగెన్ ఊరి బయట అడవిలో చెరువు. నీళ్లలో రెండు తలలు కనిపిస్తున్నాయి. నెరిసిన తల క్రౌస్‌ది. రెండోది ఎవరిదో, అవతల రెల్లుగడ్డి దగ్గరుంది. ఎవరిదైతే ఏం, ఆమెకు కావలసింది నెరిసిన తలే.

వచ్చే నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేయాలి. కొడుకు వచ్చి ఉంటాడని క్రౌస్ నోటీసిచ్చాడు. ఈ ఊళ్లో ఇల్లు దొరకడం మాటలా? ఇల్లు దొరక్క వేరే ఊరు పోతే, పగలంతా పిల్లల్ని చూసుకునే కీటాలో పాపకి ఎంతో తిరిగి సంపాదించిన సీటు కూడా పోతుంది. పాపని ఎవరికి వదిలి ఉద్యోగానికి వెళ్లాలి? కాళ్లావేళ్లా పడదామంటే వారం నుంచీ క్రౌస్ ఇంటికి తాళం, ఫోను ఎత్తడు. ప్రతి ఆదివారం ఈ చెరువులో బట్టల్లేకుండా ఈదుతాడని మాత్రం పక్కింటి కమల ఆంటీ చెప్పింది. ఆవిడకే పాపని అప్పగించి హారిక సైకిలెక్కింది.

మొగుడికి చెప్పలేదు. చెప్పి ఏం లాభం? శశికాంత్‌కి అమెరికా అధ్యక్షుల పిచ్చి. వాళ్ల రాజకీయాలు కాదు, అలవాట్లు. జెఫర్సన్ రోజూ పొద్దున్నే చన్నీళ్లలో కాళ్లు పెట్టుకునేవాడని చదివి, తనూ చలికాలంలో బకెట్లో కాళ్లు పెట్టి వారం రోజులు తుమ్మాడు. ట్రూమన్ తెల్లారగానే చకచకా నడిచేవాడట, అందుకని ఈ వేసవంతా నడక. ఇవాళా దానికే పోయాడు. ఇల్లు పోతోందయ్యా అంటే ఏం కాదులే అంటాడు. ఈ వారమైతే మరీ నిమ్మకు నీరెత్తినట్టున్నాడు. తలుచుకుంటేనే ఆమెకు ఒళ్లు మండుతోంది.

అయినా ఈ ఉపాయం ఆ పిచ్చిలోంచి వచ్చిందే. జాన్ క్విన్సీ ఆడమ్స్ అనే అధ్యక్షుడు పొద్దున్నే నదిలో దిగంబరంగా ఈదేవాడట. ఎంతకీ మాట్లాడని ఆయన చేత ఒకావిడ, పత్రికలకు రాసేది, ఒడ్డున ఆయన బట్టల మీద కూర్చుని మాట్లాడించిందట. ఆ కూర్చున్న ముక్క కట్టుకథేనంటారని శశికాంతే చెప్పాడు. కట్టుకథైతేనేం, పని జరిగితే చాలు.

అసలీ చెరువంటేనే హారికకి పడదు. ఊరికొచ్చిన కొత్తలో ఈ గట్టున ఆడా మగా నూలుపోగు లేకుండా ఎండకు పడుకుని ఉండడం చూసి హడలిపోయింది. ఇటువైపు కాలు పెట్టనని ఆ రోజే శశికాంత్ చేత ఒట్టు వేయించుకుంది, పెడితే ఇంట్లోకి రానివ్వనంది. ఇప్పుడు తనే వచ్చి కూర్చుంది.

నెరిసిన తల ఒడ్డుకి దగ్గరైంది. హారిక లేవకుండానే కేకేసింది.

"హెర్ క్రౌస్! మా ఇంటి నోటీసు వెనక్కి తీసుకుంటానని మాటివ్వండి. అప్పటిదాకా ఈ బట్టలివ్వను, ఇక్కణ్ణుంచి లేవను."

రెల్లు దగ్గరి తల బుడుంగున మునిగింది. క్రౌస్ మాత్రం ఆగలేదు. సిగ్గుతో నీళ్లలోనే ముడుచుకుపోయి బతిమాలతాడని కదా ఆమె లెక్క! నీళ్లు ఆయన ఛాతీ దిగాయి, నడుం దిగాయి. ఆయన తాపీగా నడిచొస్తున్నాడు. హారిక రెండు చేతులతో కళ్లు మూసేసుకుంది.

"గూటెన్ మోర్గెన్, ఫ్రౌ వేముల," అన్నాడు క్రౌస్ సరిగ్గా ఎదురుగా నిలబడి. కళ్లలో ఏమైనా పడిందా అని కూడా అడిగాడు.

భూమి చీలి తనను మింగేస్తే బావుణ్ణనిపించింది. కానీ పాప గుర్తొచ్చింది. లేస్తే ఇల్లు పోయినట్టే. కళ్లు మూసుకునే, ఏడుపు ఆపుకుంటూ, వచ్చీరాని జర్మన్‌లో ఇంటి సంగతీ కీటా సంగతీ చెప్పుకుపోయింది. మాట ఇచ్చేదాకా కదిలేది లేదంది.

ఎదురుగా అడుగులు పక్కకి జరిగాయి. సైకిలు దగ్గర సంచీ తెరిచిన చప్పుడైంది, ప్యాంటు జిప్పు లాగిన చప్పుడైంది.

"నేను తొడుక్కున్నాను, కళ్లు తెరవండి," అన్నాడు క్రౌస్.

హారిక వేళ్ల సందులోంచి చూసింది. నిజంగానే ఒంటినిండా బట్టలతో ఉన్నాడు. మరి తను కూర్చున్నవి?

"నోటీసు ఎప్పుడో వెనక్కి తీసుకున్నాను కదా," అన్నాడాయన వింతగా చూస్తూ. "మీ పాప సంగతి వినగానే మా అబ్బాయితో మాట్లాడాను. వాడు మ్యూనిక్‌లోనే ఇల్లు చూసుకున్నాడు. దానికి రంగులేస్తూ వారమంతా అక్కడే ఉన్నాను. ఇదంతా పోయిన ఆదివారమే చెప్పేశాను, ఇక్కడే, ఈదుతూ. ఇంట్లో చెప్తానన్నాడే!"

"ఎవరు?" అంది హారిక.

క్రౌస్ చెరువు వైపు చూశాడు. రెల్లుగడ్డిలోంచి, పీకలదాకా నీళ్లలో ఉన్న మనిషి గొంతు అచ్చ తెలుగులో సన్నగా వినిపించింది.

"హారికా, జర అటు తిరుగవా? ఆ బట్టలు నావి."