మంచి సీజన్

శ్రీకూర్మంలో దర్శనం చేసుకుని సముద్రపు ఒడ్డుకు వెళ్తే, ఇసుకలో పెద్ద తాబేలు కుళ్లి పురుగులు పట్టి ఉంది.

"చలికాలమే మంచి సీజనన్నారు. ఈ కంపేటండీ?" అన్నాను మావారితో.

పక్కనే గొయ్యి తవ్వుతున్న, తవిటమ్మ అనే చేపలమ్మే ఆమెను ఆయన కసిరారు. "సముద్రంలోకి ఈడ్చెయ్యి. గొయ్యెందుకు?"

"సలికాలం మీకే కాదు బాబూ, ఈటికీ మంచిదే. గుడ్లెట్టడానికొచ్చి బోటోళ్ల వలల్లో పడి సస్తన్నాయి."

"చస్తే? కుక్కలు తింటాయి."

"మరి గుళ్లో ఎవలికి మొక్కొచ్చినారు?"

తవిటమ్మ తాబేలు మీద పసుపు చల్లింది.

గంట క్రితం కూర్మనాథుడికి మొక్కిన చేత్తోనే ముక్కు మూసుకుని నిలబడ్డాను. చెయ్యి తీశాను. కంపు గుప్పుమంది. కొంగున ముడేసుకున్న స్వామి తులసిని తాబేలు డిప్ప మీద ఉంచాను.