కాపలా మోడు మీద అతిథి

పోలమ్మ అనే ముసలి కౌజుపిట్ట డేగల బారి నుంచి ఎన్నిసార్లు తప్పించుకుందో తనకే గుర్తులేదు. వాళ్ళ గుంపుకో కట్టుబాటు ఉంది. అందరూ గింజలు ఏరుకుంటుంటే ఒకరు ఎత్తయిన మోడెక్కి కాపలా కాయాలి. డేగ ఎవరి కంటబడినా సరే, వెంటనే కేక పెట్టాలి.

ఆ పొద్దున కాపలా కొండడిది. వాడి గొంతంటే గుంపుకి మహా మోజు. వాడు ఏకంగా డేగనే పిలిచి మోడు మీద పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"మన గుడ్లు మింగే పాముల్ని ఈయన మనకన్నా గట్టిగా తిడతాడు. ఏం చెబుతాడో విందాం," అని గుంపుకి చెప్పి, "మేం బాగుపడాలంటే ఏం చేయాలండీ?" అని డేగని మొదటి ప్రశ్న అడిగాడు.

డేగ గొంతు సవరించుకుంది. "ఎగరలేని పిల్లలు మీకు బరువు. పొదలోంచి బయటికి నెట్టేయండి."

కొందరు తలలూపారు కూడా! పోలమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"ఒరే కొండడా, దించరా దాన్ని!"

"పాముల్ని తిట్టేవాళ్ళ నోరు మనమే నొక్కేస్తామా అత్తా? నచ్చకపోతే నువ్వూ పైకొచ్చి వాదించు."

"దాని చెట్టు మీద అది ఎంతైనా అరుచుకోనీ. ఇది మన కాపలా మోడు. నాకు డేగ కనబడింది, నేను కేక పెడుతున్నా," అంటూనే పోలమ్మ గొంతెత్తి కేక పెట్టింది.

గుడ్డులోంచి బయటపడ్డ నాటి నుంచీ అందరూ వింటున్న కేక అది. తలలూపినవాళ్ళు కూడా తమ పిల్లల్ని ముందుకు తోసుకుంటూ ముళ్ళపొదలో దూరిపోయారు.

నేలంతా ఖాళీ అయింది. కొండడు మెల్లగా పక్కకి జరిగాడు.

"ఆగిపోయావేం? తర్వాతి ప్రశ్న అడుగు," అంది డేగ, వాడి దగ్గరికి జరుగుతూ.