మూడో ఆదివారం

పుంగనూరులో తన వాకిట్లో ఆగిన కారుకు కమలాక్షి అడ్డంగా నిలబడింది.

“మూడు ఆదివారాలుగా సూస్తాండా. పెండ్లాం బిడ్డల్నేసుకోని బెంగళూరు నించి హార్స్‌లీ హిల్స్‌కి నా ఇంటి ముందరే పోతాండావు. ఈ పొద్దు యాల ఆపినావు?”

తమ్ముడు మునిచంద్ర స్టీరింగ్ వదల్లేదు. “పిల్లోళ్లకు నీళ్లు కావాలంట.”

“నీళ్లేనా? నా కూడు పనికిరాదా?”

“నీ ఇంట్లో మెతుకు ముట్టనని ఒట్టేసినా కదా!”

ఐదేళ్ల కిందట, తల్లి పెద్దకర్మ నాడు, పొలం పంపకాల దగ్గర వేసిన ఒట్టు అది. కమలాక్షికి ఒళ్లు మండింది. వెనక సీట్లో మరదలు రేవతి ఒళ్లో నాలుగు గిన్నెల క్యారియరు కనిపించేసరికి ఇంకా మండింది.

“కూడు కట్టుకోనొచ్చి నా వాకిట్లో కారు నిలబెడతారా!”

విసిరికొట్టాలని లాక్కుంది. క్యారియరు తేలిగ్గా చేతికొచ్చేసింది. లోపల గిన్నెలు ఖాళీగా గలగలమన్నాయి.

“పోయిన రెండు వారాలూ ఇట్లే ఖాళీగా కొండెక్కింది వదినా,” అంది రేవతి. “ఆపేదానికి ఈయనకు నోరు రాలేదు.”

మునిచంద్ర రోడ్డు వైపు చూస్తూనే కసిరాడు. “నీ ఇంట్లో తిననని అన్నా. కొండ మీద తిననన్లేదు. పెడితే పెట్టు, లేకుంటే జరుగు.”

కమలాక్షి క్యారియరుతో లోపలికి పోయింది. ఆ కారు మొదటిసారి కనిపించినప్పటి నుంచి ఆదివారం పూట ఆమె వండేది ఒక్కదానికి కాదు. సంగటి, కోడికూర నాలుగు గిన్నెల్లోకీ సర్దింది. ఇంటికి తాళమేసి వచ్చి కారు తలుపు లాగింది.

“జరుగు రేవతీ. ఆ మొండోడికి కొండ మీద వడ్డించేదెవరు?”