రేపల్లె రోడ్డుకేసి

ఇది నేను చూస్తున్న మూడో ఆవు. తెనాలిలో చూసిన గిర్ ఆవుకి పాలు తక్కువ. బాపట్లలో ఒంగోలు ఆవు నన్ను దగ్గరికే రానివ్వలేదు. ఒక్క పశువునీ కబేళాకి పంపని డెయిరీ పెట్టబోతున్నాను. జాతి దగ్గర పొరపాటు చేస్తే మొదటికే మోసం.

భట్టిప్రోలులో పేరంటాలుగారి జెర్సీ ఆవు ఈని నెలైంది. పొదుగు నిండుగా ఉంది. నచ్చితే బండి మాట్లాడి ఎక్కించుకెళ్దామని కొత్త పలుపు కూడా తెచ్చాను. కానీ అది ఒక్క క్షణం కుదురుగా నిలబడదు. గుంజ చుట్టూ తిరుగుతుంది, రేపల్లె రోడ్డుకేసి చూసి అరుస్తుంది, మేత ముట్టదు.

“వట్టిపోయినా సరే, చచ్చేదాకా మేపుతానండి,” అన్నాను. “అందుకే నెమ్మదైన జాతి కావాలి. జెర్సీలన్నీ ఇంత కంగారు పడతాయా పిన్నిగారూ?”

ఆవిడ నన్ను వింతగా చూసింది.

“జాతిదేముంది బాబూ! దూడ కోసం అరుస్తోంది. పొద్దున్నే బేరగాడి ఆటో ఎక్కించేశా.”

“దూడనా?”

“కోడెదూడ. మూపురం లేదు, అరకకి పనికిరాదు. ఎక్కడికి పోతుందో నీకు తెలుసుగా. అందుకే నువ్వు తీసుకుంటావేమోనని ఫోన్లో అడిగా. పాలిచ్చేది ఒక్కటి చాలండి, అన్నావు.”

అన్నాను. బండిలో చోటు గురించి ఆలోచిస్తూ అన్నాను.

“ఆటో ఎటు పోయిందండి?” అంటూనే పలుపు భుజాన వేసుకుని బైకు తీశాను.

ఆవిడ జవాబు కోసం ఆగక్కర్లేకపోయింది. ఆవు పొద్దుట్నుంచీ అటే చూస్తోంది.